499 కట్టి రిపోర్టు తీసుకుంటే మా పెంకుటింటికి అద్దె ఎంతని అడిగింది

దుబాయ్‌లో ఉద్యోగం ఖాయమయ్యాక నేను చేసిన మొదటి పని, రెండు దేశాల ఖర్చులు పక్కపక్కన పెట్టి చూపించే యాప్ ఒకటి దింపుకుని దాని ‘పూర్తి రిపోర్టు’కి 499 రూపాయలు కట్టడం. పేరు రాయట్లేదండి. ఈ తరహావి మూడు నాలుగు చూశాను, అన్నీ ఒకే తాను ముక్కలు, ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు. మాది రాజోలు పక్క పల్లెటూరు. నేను, మా ఆవిడ, పాప, అమ్మ. రిపోర్టు చూసిన రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు దుబాయ్ అల్ నహ్దాలో ఉండే మా బావగారితో గంటన్నర మాట్లాడాక తెలిసింది, టెన్షన్ పడాల్సింది వేరే చోట అని.

ముందు మన వైపు లెక్క. ఊరి పేరు దగ్గర రాజోలు కొడితే లేదంది, అమలాపురం లేదంది, రాజమండ్రి ఉంది గానీ సమాచారం తక్కువంటూ విశాఖ ధరలు తెచ్చి పోసింది. సరేలే అనుకుంటే ఇంటి అద్దె అడిగింది. తాతయ్య కట్టించిన పెంకుటింటికి అద్దేమిటి? సున్నా వేస్తే ఒప్పుకోదు, ఒక్క రూపాయి వేశాను. బియ్యం కిలో ఎంతంది. ఉన్న ఎకరంన్నరా కౌలుకిచ్చాం, సార్వాకి వచ్చే ధాన్యంలో తిండికి సరిపడా ఆడించుకుని మిగతాది అమ్మేస్తాం, కిలో లెక్క నాకేం తెలుసు. చింతపండు లేదు, వాడుక పాలు లేవు. కొబ్బరికాయ అసలు జాబితాలోనే లేదు, కోనసీమవాడికి ఇంతకన్నా అవమానం ఉంటుందా! యాపిల్ ఉంది, ఫారిన్ బీరు ఉంది, లెట్యూస్ అనే ఆకు ఉంది. ఇవన్నీ నింపాక, దుబాయ్‌లో మీకు ఇక్కడికన్నా మూడున్నర రెట్లు ఖర్చవుతుందని తేల్చింది. మూడున్నర రెట్లు దేనికి? ఆ ఒక్క రూపాయి అద్దెకా?

అక్కడి వైపు లెక్క కాస్త నయం, అయినా అసలు దెబ్బ తగిలే చోట నోరు విప్పలేదు. అద్దె నెలకి 5,000 దిర్హమ్‌లు అని రాసింది. అంకె తప్పు కాదు. కాకపోతే అక్కడ చాలామంది ఓనర్లు నెలనెలా తీసుకోరు, ఏడాది మొత్తానికి ముందే చెక్కులు రాసిమ్మంటారు, ఒకటో రెండో నాలుగో. ఏడాదికి 60,000, నాలుగు చెక్కులు అనుకోండి. మొదటి చెక్కు 15,000, ఏజెంటుకి మామూలుగా 5 శాతం అంటే 3,000, ఓనరుకి డిపాజిట్ ఇంకో 5 శాతం అంటే మరో 3,000, కరెంటూ నీళ్ళూ ఇచ్చే డీవా వాళ్ళకి డిపాజిట్ 2,000. మొత్తం 23,000. దిర్హమ్‌కి 23 రూపాయలే వేసుకున్నా 5 లక్షల 29 వేలు, ఇంట్లోకి ఒక చాప కూడా కొనకముందే. రిపోర్టులో ఈ మొత్తం ఎక్కడా లేదు.

బావగారు వాట్సాప్‌లో తన డీవా బిల్లు ఫోటో పెట్టారు. కరెంటు ఒక వరస, నీళ్ళు ఒక వరస, మురుగునీటికి ఒక వరస, వాటితో పాటు హౌసింగ్ ఫీజు 250. “ఇదేంటి బావగారూ” అన్నాను. “ఏడాది అద్దెలో 5 శాతం మున్సిపాలిటీకి. పన్నెండు ముక్కలు చేసి బిల్లులో కలుపుతారు. జీతం మీద పన్ను లేదన్నారు గానీ దేనిమీదా లేదనలేదు కదా బావా” అన్నారు. ఆయ్ అన్నాను, ఇంకేమంటాం. ఏసీ సంగతి కూడా ఆయనే చెప్పారు. కొన్ని బిల్డింగుల్లో చల్లదనం ఖర్చు అద్దెలోనే కలిసి ఉంటుంది, చిల్లర్ ఫ్రీ అంటారు. కొన్నింట్లో అది వేరే కంపెనీకి విడిగా కట్టాలి. ఇల్లు చూసేటప్పుడు మొదట అడగాల్సిన మాట ఇదేనట.

మంచి కూడా చెప్పాలి కాబట్టి, మెట్రో చార్జీలు సరిగ్గా ఇచ్చింది. మెట్రోలో వాడే మామూలు సిల్వర్ కార్డుతో ఒక జోన్‌లో 3 దిర్హమ్‌లు, రెండు జోన్లకి 5, అంతకు మించితే ఏడున్నర. కిరాణా ధరలు కూడా బావగారు చెప్పినవాటికి దగ్గరగానే ఉన్నాయి. ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చి చూపించడమే పెద్ద చిరాకు. ఏ టీ నీళ్ళు చూసినా గుండె జారుతుంది. కొత్తగా వెళ్ళినవాళ్ళందరూ మొదట్లో ఇలాగే గుణించుకుని పస్తులుంటారట. దిర్హమ్‌ని 1997 నుంచీ డాలరుకి 3.6725 దగ్గర కట్టేసి ఉంచారు, అంచేత డాలరు ముందు రూపాయి జారినప్పుడల్లా మనం ఇంటికి పంపేది పెరుగుతుంది. ఇక్కడ రూపాయల్లో బాకీ ఉన్నవాడికి ఇదే పెద్ద ఊరట, యాప్ మాత్రం ఇవాళ్టి రేటు వేసి ఊరుకుంది.

ఇక నా అసలు కోపం. ఆ యాప్ రెండు ఊళ్ళనీ తక్కెడలో పెట్టి తూస్తుంది. మా ఇంట్లో జరిగేది కూడిక. నేను వెళ్ళినంత మాత్రాన ఇక్కడ పొయ్యి ఆరిపోదుగా? అమ్మ ఇక్కడే ఉంటుంది, ఆవిడ బీపీ మాత్రలు, పనమ్మాయి జీతం, నెలకి పది వేల చీటీ ఇంకా పద్నాలుగు నెలలు, స్థలం కోసం తీసుకున్న లోను వాయిదా. సంక్రాంతికి రావాలంటే మూడు విమానం టిక్కెట్లు, హైదరాబాద్‌లో దిగి రాత్రి బస్సు. పైగా చదివింపులు. నిన్నటిదాకా పెళ్ళిలో 516 చదివిస్తే ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు మైకులో నా పేరు పక్కన ఏ అంకె వినపడుతుందా అని పందిరంతా చెవులు రిక్కిస్తుంది. రిపోర్టులో ‘ఇంటికి పంపేది’ అనే వరసే లేదు. గల్ఫ్‌కి వెళ్ళే మన జిల్లావాళ్ళకి మొదట రాసుకోవాల్సిన వరస అదేనండి.

5కి 2 స్టార్లు. ఆ 499 మిగుల్చుకుని, దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ రెంటల్ ఇండెక్స్‌లో అద్దె చూసుకోండి. ప్రైవేటు బళ్ళ ఫీజులు ఒక్కో బడికీ విడిగా, అక్కడి ప్రైవేటు బళ్ళని చూసుకునే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ సైట్‌లో ఉంటాయి. రెండూ ఊరికే చూడొచ్చు. నేనైతే ముందు ఒక్కణ్ణే వెళ్ళి దుబాయ్ కరామాలో బెడ్ స్పేస్‌లో, అంటే పదిమందితో పంచుకునే గదిలో ఒక్క మంచం అద్దెకి తీసుకుని ఉంటాను, పాప పరీక్షలయ్యాక వాళ్ళు వస్తారు.

నిన్న ఆ యాప్ నుంచి మెసేజ్ వచ్చింది, మీ ఊరి ధరలు మీరే నమోదు చేసి సాయపడండి అని. పోనీలే, తర్వాతివాడికైనా పనికొస్తుందని కూర్చుని కోడి, గుడ్లు, పాలు, ఆటో చార్జీ అన్నీ కొట్టాను. చివర్లో ఆగిపోయింది. లెట్యూస్ ధర తప్పనిసరి అట. రాజోలు మార్కెట్లో రెండు కొట్లలో అడిగాను, అదేంటండీ అన్నారు.