హామెట్‌తో మొదలుపెట్టాలా, చాండ్లర్‌తోనా?

హార్డ్‌బాయిల్డ్ డిటెక్టివ్ నవలలు, అంటే నేరాన్నీ అవినీతినీ మొరటుగా, ఉన్నదున్నట్టు చూపే అమెరికన్ నవలలు, కొత్తగా చదివేవాళ్ల చేతిలో ఎక్కువమంది పెట్టేది రేమండ్ చాండ్లర్ 'ది బిగ్ స్లీప్' (1939). కడపలోనో కర్నూలులోనో పెరిగినవాళ్లు అడిగితే మాత్రం నేను డాషియల్ హామెట్ 'రెడ్ హార్వెస్ట్' (1929) ముందు చదవమంటాను.

ఎందుకంటే ఆ ఊరు మనకు తెలిసిన ఊరే. పెర్సన్‌విల్ అని అమెరికాలో ఒక గనుల పట్టణం, దాన్ని పాయిజన్‌విల్ అని కూడా అంటుంటారు. గనుల యజమాని ఎలిహు విల్సన్ సమ్మెను అణచడానికి బయటినుంచి రౌడీలను దింపుతాడు, సమ్మె అయితే అణుగుతుంది గానీ వచ్చినవాళ్లు వెనక్కి పోరు, ఊరిని వాటాలేసుకుని కూర్చుంటారు. మనుషుల్ని పెంచి పోషించినవాడు చివరికి వాళ్ల గుప్పిట్లోనే ఇరుక్కోవడం గురించి మన రచ్చబండల మీద ఎన్ని కథలు విని ఉంటాం! హామెట్ పింకర్‌టన్ డిటెక్టివ్ ఏజెన్సీలో పనిచేసినవాడు కాబట్టి డబ్బు ఎక్కడినుంచి ఎక్కడికి పోతోంది, పోలీసు చీఫ్ ఎవరి మనిషి అన్నది చాలా నమ్మకంగా రాస్తాడు.

కథ చెప్పే డిటెక్టివ్‌కు పేరే ఉండదు. ఒక ముఠాను ఇంకో ముఠా మీదికి ఉసిగొల్పి ఊరు శుభ్రం చేయాలనుకుంటాడు, కొంత దూరం పోయాక ఈ చంపులాట తనకే రుచి మరుగుతోందని భయపడతాడు. ఆ భయం నేను చూసిన ఏ ఫ్యాక్షన్ సినిమా హీరో ముఖంలోనూ కనపడలేదు. లోపం కూడా ఉంది. పేర్లు గుర్తుపెట్టుకునేలోపే మనుషులు పోతుంటారు, ఒక చాప్టర్ పేరే 'పదిహేడో హత్య'.

వాక్యం కోసమైతే చాండ్లరే, అందులో నాకు అనుమానం లేదు. లాస్ ఏంజెలెస్ వాన, ముసలి జనరల్ ఆర్కిడ్ల గాజుగదిలో ఉక్కపోత, డిటెక్టివ్ మార్లో ఒంటరితనం, ఇవన్నీ చదివి ఎన్నేళ్లయినా కళ్లముందే ఉంటాయి. కానీ 'ది బిగ్ స్లీప్' తన పాత చిన్నకథలను కలిపి అల్లిన నవల కావడంతో కథలో అతుకులు కనపడతాయి, కారు డ్రైవర్‌ను ఎవరు చంపారో చివరిదాకా తేలదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలు చదివి ముడి విప్పడం అలవాటైనవాళ్లకు ఇది చిరాకు పుట్టిస్తుంది. చాండ్లర్‌లో నాకు అన్నిటికంటే ఇష్టం 'ది లాంగ్ గుడ్‌బై' (1953), అది డిటెక్టివ్ కథ కంటే ఒక స్నేహం కథగానే గుండెను పట్టుకుంటుంది. ఆ తర్వాత 1958లో వచ్చిన 'ప్లేబాక్' మాత్రం చాలా నిరాశపరిచింది, మార్లో అందులో అలసిపోయి మాట్లాడతాడు.

నాకు అసలు గిట్టనిది మికీ స్పిల్లేన్ 'ఐ, ద జ్యూరీ' (1947). స్నేహితుణ్ణి చంపినవాళ్లను తనే చంపుతానని హీరో ఒట్టేసుకుంటాడు, తన పగ న్యాయమేనా అని ఆగి ఆలోచించడు. పగలు తరాలు తినేసిన సీమలో ఉంటూ దాన్ని వీరత్వమని చదవడం నావల్ల కాలేదు. పేజీలు పరుగెత్తాలనుకుంటే జేమ్స్ ఎం. కెయిన్ 'ద పోస్ట్‌మన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్' (1934) తీసుకోండి, చిన్న పుస్తకం, ఒక రాత్రిలో అయిపోతుంది, పైగా చంపినవాళ్లకు ఆ చావు ఎంత బరువో ప్రతి పేజీలో తెలుస్తుంది.