రాస్ప్‌బెర్రీ పై 5కి 27 వాట్ల అసలు ఛార్జర్: డబ్బు పెట్టొచ్చా?

తెనాలిలో మా బావ ఫొటో స్టూడియోలో పెళ్లి ఫొటోల బ్యాకప్ అంతా రాస్ప్‌బెర్రీ పై 5 అనే ఒక చిన్న బోర్డు కంప్యూటర్ మీద నడుస్తుంది. దానికి తగిలించిన పోర్టబుల్ హార్డ్ డిస్కులకు వేరే అడాప్టర్ ఉండదు, యూఎస్‌బీ పోర్టు ఎంత కరెంటు ఇస్తే అంతే. అందుకే పై కంపెనీ వాళ్లే అమ్మే 27 వాట్ల పవర్ సప్లై తెప్పించాను.

"ఇంట్లో ల్యాప్‌టాప్‌ది 65 వాట్లది ఉంది కదా బావా, 27 వాట్లదానికి మళ్లీ డబ్బులెందుకు?" అన్నాడు మా బావ. చాలామందికి వచ్చే అనుమానమే ఇది. ఆ 65 వాట్లు 20 వోల్టుల దగ్గర లెక్క. టైప్-సీ పీడీ (పవర్ డెలివరీ, పరికరంతో మాట్లాడుకుని కరెంటు ఇచ్చే పద్ధతి) ఛార్జర్ గుచ్చగానే, ఏ వోల్టేజీలో ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో తన జాబితా చెబుతుంది. 5 వోల్టుల దగ్గర అందులో ఉండేది మామూలుగా 3 ఆంపియర్లే. పై 5 తీసుకునేది ఆ 5 వోల్టులే, కాబట్టి దానికి దక్కేది 15 వాట్లు. ఈ 27 వాట్లదేమో 5.1 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇస్తుంది. ఎక్కువ ఛార్జర్లలో లేనిది ఇదే.

బాగా నచ్చింది ఆ తర్వాత జరిగే పని. ఛార్జర్ 5 ఆంపియర్లు ఇస్తానని చెప్పకపోతే, పై ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి 600 మిల్లీఆంపియర్ల దగ్గర కట్టేస్తుంది. ఇస్తానంటే ఆ హద్దు 1.6 ఆంపియర్లకు పెరుగుతుంది. తక్కువ ఛార్జరైతే డెస్క్‌టాప్ మీద ఆ సంగతి మెసేజ్ కూడా వస్తుంది. హార్డ్ డిస్కు మోటారు తిరగడం మొదలయ్యేటప్పుడే ఎక్కువ కరెంటు లాగుతుంది. 600 సరిపోక టిక్కు టిక్కుమని ఆగిపోతుంది, మళ్లీ కనిపిస్తుంది, మళ్లీ పోతుంది. వేరే ఛార్జర్‌తో స్టూడియోలో సరిగ్గా ఇదే జరిగేది, ఫొటోలు కాపీ అవుతూ మధ్యలో ఆగేవి. డిస్కు పోయిందనుకుని కొత్తది కొనేవాళ్లు ముందు ఛార్జర్ వైపు చూడాలి.

ఛార్జర్ ఏం మాటిచ్చిందో కళ్లారా చూడొచ్చు. పై మీద నడిచే లైనక్స్ సిస్టమ్‌లో ప్రాక్ డైరెక్టరీ, అందులో డివైస్ ట్రీ, అందులో చోజన్, దాని కింద పవర్, అక్కడ మ్యాక్స్ కరెంట్ అనే ఫైలు. హెక్స్‌డంప్ (ఫైలులో ఉన్నది హెక్సాడెసిమల్ అంకెల్లో చూపే కమాండ్) చేస్తే పాత ఛార్జర్‌తో చివర్లో 0బీ బీ8 ఉంది, అంటే 3000 మిల్లీఆంపియర్లు. దీంతో 13 88 వచ్చింది, అంటే 5000. అది చూశాక బావ ఇంకేం అడగలేదు.

లైనక్స్ యూఎస్‌బీ డ్రైవర్ లెక్క వేరు. ప్రతి పరికరమూ తనకు గరిష్ఠంగా ఎంత కావాలో వివరాల్లోనే రాసి ఇస్తుంది. యూఎస్‌బీ 2 అయితే 500 మిల్లీఆంపియర్లు దాటకూడదు, యూఎస్‌బీ 3 అయితే 900. ఎల్ఎస్‌యూఎస్‌బీ (తగిలించిన యూఎస్‌బీ పరికరాలను చూపే కమాండ్) వివరంగా నడిపితే మా డిస్కు 896 మిల్లీఆంపియర్లు అని చూపిస్తుంది. అదే డిస్కును సొంత అడాప్టర్ లేని హబ్‌కు (ఒక పోర్టును చాలా పోర్టులు చేసే డబ్బాకు) పెడితే డ్రైవర్ ఒప్పుకోకపోవచ్చు, బస్ పవర్ చాలదని కెర్నెల్ లాగ్‌లో (సిస్టమ్ రాసుకునే చిట్టాలో) రాసి పక్కన పెట్టేస్తుంది. అది పాడవడం కాదు, కాపాడటం.

పై సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలులో యూఎస్‌బీ మ్యాక్స్ కరెంట్ ఎనేబుల్‌కు 1 పెడితే చాలు, ఛార్జర్ అక్కర్లేదని కొందరు చెబుతారు. హద్దు ఎత్తేయడం వరకూ నిజమే. కానీ ఆ కరెంటు ఇవ్వాల్సింది ఛార్జరే, అది ఇస్తానని చెప్పలేదు. లోడ్ పెరిగితే వోల్టేజీ పడిపోతుంది, అండర్‌వోల్టేజ్ హెచ్చరికలు మొదలవుతాయి. మరోసారి తీయడానికి వీల్లేని పెళ్లి ఫొటోలున్న డిస్కు మీద ఆ పని చేయొద్దని గట్టిగా చెబుతాను.

లోపాలూ ఉన్నాయి. కేబుల్ ఛార్జర్‌కే అతుక్కుని ఉంటుంది, తెగితే మొత్తం మార్చాల్సిందే. అయితే 5 ఆంపియర్లకు సరిపడే కేబుల్ కోసం వెతుక్కునే బాధ దీనివల్లే తప్పుతుంది కాబట్టి నేను సర్దుకున్నాను. 9, 12, 15 వోల్టులు కూడా ఇస్తుంది కనుక ఫోను ఛార్జింగ్‌కి ఇబ్బంది లేదు. 20 వోల్టులు లేవు, ల్యాప్‌టాప్‌కి నమ్ముకోవద్దు.

రెండు డిస్కులు ఒకేసారి పెట్టేవాళ్లకు ఇది కూడా చాలకపోవచ్చు. రెండూ రాసిచ్చింది కలిపితే 1.8 ఆంపియర్ల దాకా ఉంది, హద్దేమో 1.6. రెండో డిస్కును మేం సొంత అడాప్టర్ ఉన్న హబ్‌కు మార్చాం. కీబోర్డు, మౌస్, మెమరీ కార్డుతో మాత్రమే పై వాడేవాళ్లకైతే ఇంట్లో ఉన్న మంచి 3 ఆంపియర్ల ఛార్జరే సరిపోతుంది, దీనికి ఖర్చు పెట్టక్కర్లేదు.