ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లేవాళ్లకి హెచ్చరిక: క్లబ్ దగ్గర తప్ప ఇంకెక్కడా టికెట్ కొనకండి

ప్రీమియర్ లీగ్ మ్యాచ్ స్టేడియంలో కూర్చుని చూడాలని ఇంగ్లండ్ వస్తున్నవాళ్లు, ఇక్కడే చదువుకుంటూ వెళ్లేలోపు ఒక్క మ్యాచ్ అయినా చూడాలనుకుంటున్నవాళ్లు కాస్త ఓపిగ్గా ఇది మొత్తం చదవండి. గూగుల్‌లో మ్యాచ్ పేరు కొట్టగానే అన్నిటికంటే పైన వచ్చే రీసేల్ సైట్లు (వేరేవాళ్ల టికెట్లు మళ్లీ అమ్మేవి) ఉంటాయి కదా, వాటిలో టికెట్ కొంటే పోయేది టికెట్ డబ్బు ఒక్కటే కాదు. ట్రైను, హోటల్, సెలవు అన్నీ దానితోపాటే పోతాయి, పైగా ఆ సంగతి మనకి స్టేడియం గేటు దగ్గరికి వెళ్లేదాకా తెలియదు. నాకూ మా తమ్ముడికీ ఈ సీజన్‌లో అదే జరిగింది.

మేం కొన్న సైట్ చూడటానికి ఎక్కడా అనుమానం రానివ్వదు. స్టేడియం మ్యాప్, రంగురంగుల బ్లాకులు, ఏ బ్లాకులో ఎంత ధరో అన్నీ ఉంటాయి. "ఈ బ్లాకులో ఇంకా కొన్నే మిగిలాయి" అని ఒక పక్క, పేమెంట్‌కి ఇంత టైమే ఉంది అని గడియారం ఇంకో పక్క. అసలు ధరకి మూడింతల పైనే చెప్పాడు, ఆఖరి పేజీలో బుకింగ్ ఫీజు, డెలివరీ ఫీజు అని ఇంకొంత కలిపాడు. డబ్బు కట్టగానే కన్ఫర్మేషన్ మెయిల్ వచ్చేసింది. అందులో "టికెట్లు మ్యాచ్‌కి ముందు అందుతాయి, ఏదైనా తేడా వస్తే పూర్తి గ్యారంటీ" అని పెద్ద అక్షరాలతో ఉంది. కానీ ఆ మెయిల్ వచ్చినప్పుడు ఆ సైట్ దగ్గర గానీ, అమ్మేవాడి దగ్గర గానీ మన టికెట్ ఉన్నట్టే అన్న భరోసా ఏమీ లేదు. చాలామంది ముందు మన దగ్గర డబ్బు తీసుకుని, తర్వాత ఎక్కడో దొరికితే కొని ఇద్దామని చూస్తారు, దొరక్కపోతే చేతులెత్తేస్తారు.

మ్యాచ్ రోజు పొద్దున దాకా ఏమీ రాలేదు. ఎన్ని మెయిళ్లు పెట్టినా "మీ టికెట్లు దారిలో ఉన్నాయి" అనే ఒకటే జవాబు. చివరికి తెలియని నంబర్ నుంచి వాట్సాప్‌లో రెండు లింకులు వచ్చాయి, వాటిని ఫోన్ వాలెట్‌లో కలుపుకోమని. పాస్ తెరిస్తే దాని మీద ఉన్నది మా పేర్లు కాదు. వెంటనే ఇంకో మెసేజ్: గేటు దగ్గర ఎవరైనా అడిగితే ఈ పేరు, ఈ పుట్టిన తేదీ చెప్పండి, టికెట్ ఎక్కడ కొన్నారంటే ఫ్రెండ్ ఇచ్చాడనండి, లోపలికి వెళ్లాక ఈ చాట్ డిలీట్ చేసేయండి. ఆ మెసేజ్ నేను ఇప్పటికీ దాచి ఉంచాను. ఇలాంటి మెసేజ్ వచ్చిందంటే మీ చేతికి వచ్చింది టికెట్ కాదు, ఎవరిదో క్లబ్ మెంబర్‌షిప్‌ని ఆ పూటకి అద్దెకి ఇచ్చారని అర్థం.

గేటు దగ్గర ఫోన్ రీడర్‌కి ఆనించగానే ఎర్ర లైట్ వెలిగింది. మళ్లీ పెట్టమన్నారు, మళ్లీ ఎర్ర లైటే. అక్కడున్న స్టీవర్డ్ (స్టేడియం సిబ్బంది) ఫోన్ మీద పేరు చూసి, మా మొహాలు చూసి, ఇంకేమీ అడగకుండా టికెట్ ఆఫీసు వైపు చెయ్యి చూపించాడు. మా ముందు లైన్‌లో నిలబడ్డ కుటుంబానిదీ ఇదే కథ, వాళ్లు ఇంకా దూర దేశం నుంచి చిన్నపిల్లాడితో వచ్చారు, ఆ పిల్లాడు జెర్సీ వేసుకుని స్కార్ఫ్ కట్టుకుని ఉన్నాడు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మర్యాదగానే చెప్పింది. ఆ మెంబర్‌షిప్ టికెట్లు బయట అమ్ముతున్నట్టు క్లబ్‌కి తెలిసి ఆ పొద్దునే రద్దు చేశారట, కొన్నవాళ్లకి క్లబ్ తిరిగి ఇచ్చేది ఏమీ ఉండదట. క్లబ్ మీద నాకు కోపం లేదు. మా డబ్బు వాళ్లకి చేరలేదు, మేం ఎవరో కూడా వాళ్లకి తెలియదు.

ఇక ఆ గ్యారంటీ సంగతి. సైట్‌కి ఫిర్యాదు పెడితే, మిమ్మల్ని లోపలికి రానివ్వలేదని క్లబ్ నుంచి ఉత్తరం తెమ్మన్నారు. మా పేరు మీద లేని టికెట్‌కి క్లబ్ ఉత్తరం ఎందుకిస్తుంది? అడిగితే ఇవ్వలేమనే చెప్పారు. ఉత్తరం లేదు కాబట్టి గ్యారంటీ వర్తించదు అని సైట్ వాళ్లు ఫైలు మూసేశారు. అంటే వాళ్లు అడిగే కాగితం మనకి దొరకదని తెలిసే ఆ షరతు పెట్టారు. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టిన విషయం. మా తమ్ముడి కార్డ్ మీద చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకుని అడగడం) వేశాం, ఇంకా నడుస్తోంది.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. సినిమా టికెట్ బ్లాక్‌లో కొన్నట్టే ఇదీ అనుకుంటారు గానీ, ఇంగ్లండ్, వేల్స్‌లో ఫుట్‌బాల్ టికెట్లకి విడిగా చట్టమే ఉంది. 1994 నాటి క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ చట్టంలోని 166వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా ఈ మ్యాచ్‌ల టికెట్లు అమ్మడం నేరం, లాభం లేకుండా అసలు ధరకే అమ్మినా నేరమే. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాట జరిగి మొత్తం 97 మంది ప్రాణాలు పోయిన తర్వాత దాని మీద విచారణ జరిపిన జడ్జి లార్డ్ టేలర్ ఇచ్చిన నివేదికలో ఈ సిఫార్సు ఉంది. రెండు జట్ల అభిమానులను వేర్వేరు స్టాండ్లలో కూర్చోబెట్టడం ఇక్కడ భద్రతకి మూలం, ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో క్లబ్‌కి తెలియకపోతే ఆ ఏర్పాటంతా చెడిపోతుంది. చట్టం పట్టుకునేది అమ్మినవాణ్ని, కొన్నవాణ్ని కాదు. కానీ టికెట్ రద్దు చేసే హక్కు క్లబ్‌కి ఎప్పుడూ ఉంటుంది, దాన్ని వాడుకుంటున్నారు కూడా. ఈ సైట్లలో చాలావరకు కంపెనీ చిరునామా వేరే దేశంలో ఉంటుంది, అందుకే ఇంత బహిరంగంగా అమ్మగలుగుతున్నారు. అనుమతి లేని టికెట్ సైట్ల పేర్ల జాబితా ప్రీమియర్ లీగ్ తన వెబ్‌సైట్‌లోనే పెడుతుంది. డబ్బు కట్టే ముందు అది ఒకసారి తెరిచి చూడండి, కానీ ఆ జాబితాలో పేరు లేదు కదా అని ఏ సైట్‌నీ నమ్మేయకండి, కొత్త పేర్లతో పుట్టుకొస్తూనే ఉంటాయి.

స్టూడెంట్ వాట్సాప్ గ్రూపులు, టెలిగ్రామ్ గ్రూపుల్లో జరిగేది ఇంకో రకం. "అన్నా, సీజన్ టికెట్ ఉంది, ఈ వారం వెళ్లలేకపోతున్నా, నువ్వు వెళ్తావా" అని తెలుగులోనే మెసేజ్ వస్తుంది, మనవాడే కదా అని నమ్ముతాం. నిజంగా వెళ్లలేనివాళ్లు ఉంటారు, కాదనను. అలాంటప్పుడు ఒక్కటే అడగండి: "క్లబ్ యాప్‌లోంచి నా అకౌంట్‌కి ట్రాన్స్‌ఫర్ చేస్తావా?" క్లబ్ ఒప్పుకునే ట్రాన్స్‌ఫర్ అయితే పాస్ మీ అకౌంట్‌లోకి మీ పేరుతో వస్తుంది. స్క్రీన్‌షాట్ పంపిస్తా, నా లాగిన్ ఇస్తా, గేటు దగ్గర పాత ఫోన్ ఇస్తా మ్యాచ్ అయ్యాక తిరిగిచ్చెయ్యి అన్నాడంటే అక్కడితో ఆపేయండి. ఇప్పుడు పెద్ద క్లబ్బుల్లో చాలావాటికి ఫోన్‌ని రీడర్‌కి తాకించే డిజిటల్ పాసే ఉంటుంది, దాని స్క్రీన్‌షాట్ ఎందుకూ పనికిరాదు. డబ్బు పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ పద్ధతిలో పంపమన్నా ఒప్పుకోకండి, అలా పంపిన డబ్బుకి కొనుగోలుదారు రక్షణ ఉండదు.

"అవే" (away) స్టాండ్, అంటే బయటి ఊరి నుంచి ఆడటానికి వచ్చిన జట్టు అభిమానులు కూర్చునే స్టాండ్ టికెట్లు ఎవరైనా ఎక్కువ ధరకి ఇస్తానంటే ఆలోచించనే వద్దు. ప్రీమియర్ లీగ్‌లో ఈ "అవే" టికెట్ ధరకి 2016-17 సీజన్ నుంచి 30 పౌండ్ల పరిమితి ఉంది. అవి ఏళ్ల తరబడి జట్టు వెంట తిరిగే అభిమానులకి వెళ్తాయి.

మరి ఎలా కొనాలి అంటే, దారి ఉంది, కానీ తొందర పడితే కుదరదు. క్లబ్ వెబ్‌సైట్‌లో మెంబర్‌షిప్ తీసుకోవాలి, పెద్ద క్లబ్బుల్లో అది ఉన్నా టికెట్ ఖాయం కాదు, బ్యాలట్‌లో (లాటరీలో) పేరు రావాలి. రాకపోతే క్లబ్ సొంత ఎక్స్ఛేంజ్ మీద కన్నేసి ఉంచండి, సీజన్ టికెట్ వాళ్లు వదులుకున్న సీట్లు మ్యాచ్ దగ్గరపడేకొద్దీ అక్కడికి వస్తుంటాయి. ఖర్చు పెట్టగలిగితే హాస్పిటాలిటీ టికెట్ (సీటుతోపాటు భోజనం లాంటివి కలిపి ఇచ్చేది) నేరుగా క్లబ్ దగ్గరే కొనండి. రీసేల్ సైట్ వాడు మా దగ్గర గుంజినదానికి ఇంకొంచెం కలిపితే అది వచ్చేది, కుర్చీ ఖాయంగా ఉండేది. స్టేడియం చూడటమే ముఖ్యం అనుకుంటే కారబావ్ కప్ (ఇంగ్లండ్ లీగ్ కప్) తొలి రౌండ్లు, మహిళల సూపర్ లీగ్ మ్యాచ్‌లు చూడండి, వాటికి టికెట్ దొరకడం చాలా సులువు. 2025-26 సీజన్‌కి ఆర్సెనల్ మహిళల జట్టు తన లీగ్ హోమ్ మ్యాచ్‌లన్నీ క్లబ్ పెద్ద స్టేడియం ఎమిరేట్స్‌లోనే ఆడతామని ప్రకటించింది.

ఇక ప్రయాణం. టికెట్ మీ పేరుతో మీ ఫోన్‌లోకి వచ్చేదాకా రద్దు చేసుకోలేని ట్రైను, హోటల్ బుక్ చేయకండి. వచ్చాక కూడా టీవీ షెడ్యూల్ ఖరారైందో లేదో చూసుకోండి. సీజన్ మొదట్లో ఇచ్చే జాబితాలో చాలా మ్యాచ్‌లు శనివారం మధ్యాహ్నం 3 గంటలకే ఉంటాయి, తర్వాత టీవీ కోసం వాటిని శుక్రవారం రాత్రికో, ఆదివారానికో, సోమవారం రాత్రికో మారుస్తారు. గురువారం యూరప్ మ్యాచ్ ఆడే జట్టుదైతే వారాంతం మ్యాచ్ ఆదివారానికి వెళ్లడం మామూలే. మ్యాచ్ టికెట్ కొత్త తేదీకి చెల్లుతుంది, కానీ మీరు చవగ్గా వస్తుందని కొన్న అడ్వాన్స్ ట్రైను టికెట్ ఆ ఒక్క ట్రైనుకే, డబ్బు వెనక్కి రాదు. బయల్దేరేలోపు మార్చుకోవచ్చు గానీ ఫీజూ, ధరలో తేడా కట్టాలి. మ్యాచ్ కోసమే ఇండియా నుంచి వచ్చేవాళ్లు శుక్రవారం నుంచి మంగళవారం దాకా ఖాళీ ఉంచుకోవడం మంచిది.

రాత్రి 8 గంటల మ్యాచ్ ముగిసేసరికి దాదాపు 10 అవుతుంది. ఆ టైమ్‌కి మాంచెస్టర్, లివర్‌పూల్ నుంచి లండన్‌కి నేరుగా వెళ్లే ఆఖరి ట్రైను వెళ్లిపోయి ఉంటుంది, రాత్రి అక్కడే ఉండేలా చూసుకోండి. కొన్ని ఆదివారాలు పట్టాల పనుల వల్ల ట్రైను బదులు బస్సు వేస్తారు, అది ముందురోజే చూడండి. లివర్‌పూల్ స్టేడియం ఆన్‌ఫీల్డ్ పక్కన రైల్వే స్టేషన్ లేదు, సాండ్‌హిల్స్ స్టేషన్‌లో దిగి మ్యాచ్ రోజు నడిపే సాకర్‌బస్ ఎక్కొచ్చు. చెల్సీ స్టేడియం పేరు స్టాంఫర్డ్ బ్రిడ్జ్ కదా అని స్టాంఫర్డ్ బ్రూక్ స్టేషన్‌లో దిగేవాళ్లున్నారు, దిగాల్సింది ఫుల్హమ్ బ్రాడ్‌వేలో. పెద్ద బ్యాగ్ తేకండి, చాలా స్టేడియాల్లో ఏ4 కాగితం సైజు దాటితే లోపలికి రానివ్వరు. పాస్‌ని ఇంటి దగ్గరే వాలెట్‌లో కలుపుకోండి, గేటు దగ్గర వేలమంది మధ్య నెట్‌వర్క్ రాదు.

ఇప్పటికే ఇలాంటి చోట కొనేసినవాళ్లు టెన్షన్ పడుతూ మ్యాచ్ రోజు దాకా ఆగకండి. సైట్‌తో మాట్లాడిందంతా రాతపూర్వకంగా ఉంచుకోండి, మెసేజ్‌లు డిలీట్ చేయమంటే చేయకండి, అవే మీ సాక్ష్యం. ఇక్కడి క్రెడిట్ కార్డ్‌తో కట్టి, ఒక్కో టికెట్ 100 పౌండ్లు దాటితే, 1974 నాటి కన్జ్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ కింద కార్డ్ కంపెనీని అడగొచ్చు. అయితే మధ్యలో సైట్ ఉంది కాబట్టి అమ్మింది వాళ్లు కాదు అని వాదించే అవకాశం ఉంది, అందుకే చార్జ్‌బ్యాక్ కూడా అడగండి. ఇండియా కార్డ్ అయితే ఆ సెక్షన్ వర్తించదు, మీ బ్యాంకులో చార్జ్‌బ్యాక్ ఒక్కటే దారి, దానికి గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. ఇక్కడి అకౌంట్ నుంచి ఎవరికైనా బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేసి మోసపోతే వెంటనే 159కి ఫోన్ చేస్తే మీ బ్యాంకుకి కలుపుతారు. 2024 అక్టోబర్ 7 నుంచి ఇలా మోసపోయినవాళ్లకి డబ్బు తిరిగివ్వడం బ్యాంకుల బాధ్యత, కొన్ని మినహాయింపులతో 85,000 పౌండ్ల వరకు. మీకు వచ్చిన మెసేజ్‌లో వేరేవాళ్ల పేరు, పుట్టిన తేదీ గుర్తుపెట్టుకోమని ఉంటే మాత్రం, హోటల్ ఉచితంగా రద్దు చేసుకునే గడువు ఇంకా ఉందేమో ఈరోజే చూసుకోండి.