‘ది ఫోర్ విండ్స్’: దుమ్ము, అప్పు, అత్తాకోడళ్ళు

క్రిస్టిన్ హానా 2021లో తెచ్చిన ఈ ఇంగ్లీషు నవల బాగా ఏడిపిస్తుందని పేరు. ఆ మాట నిజమే. అయితే గుండె పట్టేసేది కూలి లెక్కలు, కొట్టు పద్దుల దగ్గర.

కథ 1921లో టెక్సస్‌లో మొదలవుతుంది. చిన్నప్పటి జబ్బు సాకుతో పుట్టింటివాళ్ళు ఓ మూల కూర్చోబెట్టిన ఎల్సా, ఇటలీ నుంచి వలసొచ్చిన రైతు కుటుంబానికి కోడలవుతుంది. మొదట్లో ముఖం చిట్లించిన అత్త రోజ్ తర్వాత కన్నతల్లిని మించిపోతుంది. ఇద్దరి మధ్యా మాటలు తక్కువ, పని ఎక్కువ. నవల మొత్తంలో ఆ పేజీలే మిన్న. మొగుడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయినా ఇల్లు ఎందుకు కూలలేదో అక్కడ తెలుస్తుంది.

తర్వాత కథ ఒక్కసారిగా 1934కి దూకుతుంది. లోటంతా ఇక్కడే, ఆ దుమ్ము తుఫాన్లు ఎందుకొచ్చాయో సరిగ్గా చూపించదు. మొదటి ప్రపంచయుద్ధంలో గోధుమకి మంచి ధర పలకడంతో అక్కడి పచ్చిక బీళ్ళను అడ్డూ అదుపూ లేకుండా దున్నేశారు. మట్టిని పట్టి ఉంచే గడ్డివేళ్ళు పోయాయి. 1930లలో వానలు ఎగ్గొట్టేసరికి పైమట్టంతా గాలికి లేచింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి కమ్మింది. దానికి ‘బ్లాక్ సండే’ అని పేరు. ఆ దున్నకాల వెనకటి కథ నవలలో మాటల్లో వస్తుందే తప్ప కళ్ళకు కట్టదు. ముందే తెలుసుకుని చదివితే, ఎల్సా కొడుకు ఆంటొనీ ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి మంచాన పడ్డప్పుడు ఆ బరువు పూర్తిగా తెలుస్తుంది.

రెండో సగం, పిల్లలతో ఎల్సా బతుకుతెరువుకు వెళ్ళిన కాలిఫోర్నియా పత్తి చేలు. కూలి వంద పౌన్ల బరువు పత్తికి ఇంతని. ఉండే గది కంపెనీది, సరుకులు కంపెనీ కొట్టులోనే, కూలి చేతికి చీటీల రూపంలో. పనిలేని నెలల్లో పద్దు పెరుగుతుంది, పత్తి తీసిన డబ్బు ఆ పద్దుకే చెల్లు. ప్రభుత్వ సాయం కావాలంటే ఆ రాష్ట్రంలో ఏడాది నివాసం ఉండాలి. తీరా దొరికాక, సరిగ్గా పత్తి తీతల వేళ ఆపేస్తారు, ఎంత తక్కువ రేటుకైనా చేలోకి దిగక తప్పదని. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరక ఇటుకబట్టీల్లో ఉండిపోయే కుటుంబాల సంగతి తెలిసిన ఉత్తరాంధ్ర పాఠకులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మన తీరం నుంచి ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి, 1942లో యుద్ధం ముంచుకొస్తే అడవుల్లో పడి నడిచొచ్చినవాళ్ళ కథ కూడా ఎవరైనా ఇలా పైసలతో సహా రాస్తే ఎంత బాగుణ్ణు!

కార్మికులను కూడగట్టే జాక్ వచ్చాక మాత్రం పట్టు సడలుతుంది. సంభాషణలు ఉపన్యాసాలైపోతాయి, చేల యజమాని ఒట్టి దుర్మార్గుడిగా మిగిలిపోతాడు. అదే చేలల్లో అంతకుముందు పనిచేసిన మెక్సికన్ కూలీలకు చోటు బాగా తక్కువ. అయినా ఎల్సా కూతురు, పదమూడేళ్ళ లొరెడా తల్లి మీద పెంచుకున్న కోపం, అది నెమ్మదిగా కరగడం ఎక్కడా అబద్ధంగా లేదు.

నాలుగొందల పేజీలు దాటిన పుస్తకమైనా ఇంగ్లీషు తేలిక. వినాలనుకునేవాళ్ళకు జూలియా వీలన్ చదివిన ఆడియో ఉంది. విశాఖలో రోడ్డు పక్కన కొంటే పేజీలన్నీ వరసగా ఉన్నాయో లేదో తిరగేసి చూసుకోండి. ముగింపు మాత్రం ముందుగా ఎవరినీ అడగొద్దు.