కడపలో రెండు రోజుల సంఘ ఉజ్జీవ శిక్షణ: వెళ్లి వచ్చాక నా అభిప్రాయం

తమ క్రైస్తవ సంఘాన్ని విడిచి వేరే మందిరం పెట్టుకోకుండా, లోపలే ఉండి దానిని ఉజ్జీవింపజేసుకోవడం ఎలాగో సామాన్య విశ్వాసులకు నేర్పుతామంటూ ఒక సంస్థ కడపలో నిర్వహించిన శిక్షణకు మా సంఘం నుంచి నలుగురం వెళ్లాము. మనిషికి 700 రూపాయలు. ఉదయం పెట్టిన ఉగ్గాని, బజ్జీకి వంక పెట్టలేము.

ఉజ్జీవమంటే పందిరి, మైకు, పొరుగూరి ప్రసంగీకుడు అనుకునే మాకు మొదటి పాఠమే కొత్తగా తోచింది. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ 1791లో చనిపోయేవరకు ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘ) గురువుగానే ఉన్నాడు. 1742లో బ్రిస్టల్‌లో మందిరం అప్పు తీర్చడానికి ప్రతివారూ వారానికో పెన్నీ ఇవ్వాలన్నప్పుడు, పేదలు ఇవ్వలేరని ఒకరు అభ్యంతరం చెబితే, అందరికంటే పేదవారిని పదకొండు మందిని తనకు అప్పగించమని, వారు ఇవ్వలేకపోతే తానే ఇస్తానని మరొకరు ముందుకు వచ్చారట. అలా చందా కోసం ఇల్లిల్లూ తిరిగినవారికి ఆ ఇళ్లలోని తగాదాలూ తాగుడూ కంటబడ్డాయి. పన్నెండు మందికో నాయకుడు, వారానికోసారి పరామర్శ అనే పద్ధతి అక్కడి నుంచే స్థిరపడింది.

సాధన కోసం మాకు ఇచ్చిన నోటుబుక్కులో పేరు, హాజరు, పరామర్శ, చందా అని నాలుగు గడులున్నాయి. కలసపాడు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఆ కథంతా విన్న తర్వాత కూడా నాలుగో గడిని పెన్నుతో కొట్టేసి, "ముందు మనిషిని చూసి రానీ నాయనా, దుడ్లు తర్వాత" అన్నారు. ఆమె సవరణే సరైనదని నా నమ్మకం.

రెండో రోజు తూర్పు ఆఫ్రికా ఉజ్జీవం గురించి చెప్పారు. 1930లలో రువాండాలోని గహిని నుంచి ఉగాండా దాకా పాకిన ఆ కదలికలో ఎక్కువమంది ఆంగ్లికన్ సంఘాన్ని వీడకుండానే, కూటాలలో ఒకరి ముందొకరు పాపాలు ఒప్పుకున్నారు. ఇంత దూరం వెళ్లిన శిక్షకులు మన తెలుగు నేల వైపు, పక్కనున్న నంద్యాల వైపు తొంగి చూడకపోవడమే నాకు కష్టమనిపించింది. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన అజరయ్య, బాప్తిస్మం పొందినవారి చేత తమ తల మీదే చేయి పెట్టించి, "సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ" అని పలికించేవారు; సామాన్యుల ఉద్యమానికి ఇంతకంటే దగ్గరి పాఠమేముంటుంది? 1947లో పలు ప్రొటెస్టంటు శాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు నంద్యాల ఆంగ్లికనులలో చాలామంది ఏళ్ల తరబడి విడిగా ఉండిపోయారు. కడప వైపు మేమో లండన్ మిషన్ అనే వేరే మిషనరీ సంస్థ వారసులం. ఈ రెండు వంశాలవారూ ఆ హాలులో ఒకే బెంచీ మీద కూర్చున్నా ఆ ప్రస్తావనే రాలేదు.

చేతిపుస్తకం తెలుగు అక్షరాలలో ఉన్న ఇంగ్లీషు. గృహకూటం అంటే సరిపోయేచోట "లఘు సమూహ సహవాస నిర్మాణం" అని రాశారు. మా గృహకూటాన్ని పాస్టరేట్ కమిటీ (సంఘ వ్యవహారాలు చూసే కమిటీ) ఎన్నికల వర్గంగా అనుమానిస్తే ఏం చేయాలి, ప్రోత్సహించిన పాస్టరు అయ్యగారు బదిలీ అయిపోతే ఎవరిని ఆనుకోవాలి అని అడిగితే, ప్రార్థించమన్నారు. ప్రార్థన మేము మానలేదు. మాకు కావలసింది ఉపాయం.

తదుపరి విడత అనంతపురంలో ఉంటుందన్నారు. మొదటి రోజు కోసమైనా వెళ్లవచ్చు. ఒంటరిగా కాక, ఒకే సంఘం నుంచి ముగ్గురు నలుగురు కలిసి వెళ్లండి. మా నోటుబుక్కులో ఇప్పటికి తొమ్మిది పేర్లున్నాయి, నాలుగో గడి మేమూ కొట్టేశాము.