పైథాన్-ఎస్‌టీడీనమ్‌లోని లూన్ మాడ్యూల్ కార్డు నంబర్లకు సరిపోతుందా?

పేమెంట్ ఫారమ్‌లో కార్డు నంబరు తప్పు కొట్టారేమో డబ్బు లావాదేవీ నడిపే గేట్‌వే దాకా వెళ్లకుండానే తేల్చుకోవాలంటే పైథాన్ వాళ్లకు చేతికందే లైబ్రరీ పైథాన్-ఎస్‌టీడీనమ్, అందులోని లూన్ మాడ్యూల్. లూన్ అంటే కొన్ని అంకెలను రెట్టించి, అన్నీ కూడి, నంబరులో పొరపాటు పట్టే లెక్క. పైథాన్ లైబ్రరీలు దించే పిప్‌తో ఒక్క లైనులో దిగిపోతుంది. లూన్ లెక్క పది లైన్ల కోడే కదా, దానికో లైబ్రరీ ఎందుకంటారా? ఆ పది లైన్లు సొంతంగా రాసేవాళ్లు తరచూ ఎడమ చివర నుంచి రెట్టింపు మొదలెడతారు. 16 అంకెల వీసాకి అది పనిచేస్తుంది, 15 అంకెల అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) రాగానే బోల్తా కొడుతుంది.

అసలు లెక్క కుడి నుంచి. 4111111111111111 అనే టెస్టు నంబరే తీసుకోండి. చివరి అంకెను వదిలి, దాని పక్క అంకెతో మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయాలి, 9 దాటితే అందులోంచి 9 తీసేయాలి. ఇక్కడ ఏడు ఒకట్లు, ఒక నాలుగు రెట్టింపై 22 వస్తుంది. మిగతా ఎనిమిది ఒకట్లూ కలిపితే 30. పదితో తెగింది, నంబరు పాస్.

వాడేటప్పుడు 'ఈజ్ వాలిడ్' ఫంక్షన్ కన్నా 'వాలిడేట్' మేలు. మొదటిది ఏ తప్పు దొరికినా 'ఫాల్స్' అని ఊరుకుంటుంది. రెండోది అంకెలు కానివి ఉంటే 'ఇన్‌వాలిడ్ ఫార్మాట్', లెక్క తప్పితే 'ఇన్‌వాలిడ్ చెక్‌సమ్' అని విడివిడిగా ఎర్రర్ ఇస్తుంది. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. కార్డు మీద ఉన్నట్టే నాలుగేసి అంకెల మధ్య ఖాళీలు పెట్టి కొడితే సరైన నంబరు కూడా ఫెయిలవుతుంది. ముందుగా ఇదే లైబ్రరీలో 'యుటిల్' మాడ్యూల్‌లోని 'క్లీన్' ఫంక్షన్‌కి ఖాళీ, హైఫన్ రెండూ ఇచ్చి తీసేయించాలి. ఒక మంచి సంగతి: ౪౧౧౧ అని తెలుగు అంకెల్లో ఇస్తే అక్షరాలను సంఖ్యగా మార్చే పైథాన్ 'ఇంట్' హాయిగా మింగేస్తుంది, ఈ మాడ్యూల్ మాత్రం ఫార్మాట్ తప్పంటుంది. పేమెంట్ దగ్గర కావాల్సింది ఆ పట్టుదలే.

పొడవు చూడకపోవడం మాత్రం పెద్ద లోటు. '18' అని రెండంకెలిచ్చినా పాస్ చేస్తుంది, పదహారు సున్నాలిచ్చినా పాసే. ఇది లూన్ మాడ్యూలే తప్ప కార్డు మాడ్యూల్ కాదు కాబట్టి తప్పు పట్టలేం, కానీ ఆ పని మీరే చేసుకోవాలి: అమెక్స్ 34 లేదా 37తో మొదలై 15 అంకెలు, మాస్టర్‌కార్డ్ 51–55 లేదా 2221–2720తో 16. రూపే 60, 65, 81, 82, 508లతో వస్తుంది. 65 డిస్కవర్‌కీ ఉంది కాబట్టి ఆ రెండంకెలు చూసి కార్డు పేరు తేల్చేసి తిప్పి పంపకండి.

లూన్ లెక్కకే ఉన్న కంతలు కొన్ని. ఒక్క అంకె తప్పితే తప్పకుండా పట్టుకుంటుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా పడుతుంది, 09 కాస్తా 90 అయితే తప్ప. ఎటు రెట్టించినా వాటి మొత్తం 9 కదా. 22 బదులు 55 పడినా తెలీదు. ఎక్సెల్ నుంచి వచ్చే జాబితాలతో ఇంకో తంటా: అది 15 అంకెలే నిలుపుకుని పదహారోదాన్ని సున్నా చేస్తుంది. చివర సున్నాలే వరసగా కనిపిస్తే అనుమానించాల్సింది కార్డులను కాదు, ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టని షీటుని.

జీఎస్టీ నంబరు చివరి అక్షరం కూడా లూన్ తరహాదే, అంకెలూ ఇంగ్లిష్ అక్షరాలూ కలిపి 36 గుర్తులతో. అదే లైబ్రరీలో దానికీ, ఆధార్‌కీ, పాన్‌కీ మాడ్యూళ్లున్నాయి. మన ఇన్‌వాయిస్ సాఫ్ట్‌వేర్‌కి ఇది కొసరు.

నంబరు పాసైనంత మాత్రాన ఆ కార్డు ఉన్నట్టు కాదు, ఊహించి కొట్టినవాటిలో పదికొకటి పాసవుతుంది. ప్రోగ్రామ్‌లో వచ్చిన ఎర్రర్లను నమోదు చేసే ఎర్రర్ ట్రాకర్, అప్పటి లోకల్ వేరియబుల్స్‌ని (ఆ ఫంక్షన్‌లోని విలువలను) కూడా పట్టుకెళ్తుంటే, 'వాలిడేట్' పిలిచే చోట దాన్ని ఆపేయండి. లేకపోతే తప్పు నంబర్లతో పాటు, ఖాళీల వల్ల ఫెయిలైన అసలు నంబర్లు కూడా లాగ్‌లో పూర్తిగా పడి ఉంటాయి.