సగం ఐన్ అక్షరమా, పూర్తి అక్షరమా? న్యూమిస్టా కేటలాగుతో నా అనుభవం

మా నానమ్మ ముల్లెలో దొరికిన హాలీ సిక్కా (నిజాం కాలపు హైదరాబాద్ రాజ్య నాణెం) రూపాయి ఏ రకానిదో తేల్చుకోవలసి వచ్చినప్పుడు నేను న్యూమిస్టాను మొదటిసారి శ్రద్ధగా వాడాను. సేకర్తలే వివరాలు చేర్చుతూ 2007 నుంచి పెంచుకుంటూ వస్తున్న ఇంటర్నెట్ నాణేల కేటలాగు ఇది. ఏ సభ్యుడైనా మార్పు ప్రతిపాదించవచ్చు గానీ, ఆ దేశపు నాణేలను చూసే రిఫరీ ఆమోదించిన తర్వాతే అది పేజీకి ఎక్కుతుంది. ఈ పరిశీలన ఎంత గట్టిగా జరుగుతుందన్న దానిమీదే కేటలాగు విలువ ఆధారపడి ఉంటుంది కనుక, నా అభిప్రాయం ముఖ్యంగా దాని గురించే.

చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు వెండి రూపాయిపై చార్మినార్ బొమ్మ, ఆ బొమ్మ దర్వాజలో ఉస్మాన్ అన్న పేరుకు ఉర్దూలో మొదటి అక్షరమైన ఐన్ ఉంటాయి. అంతకుముందరి నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణేలపై అదే చోట ఆయన పేరు మొదటి అక్షరమైన మీమ్ ఉండేది. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన హిజ్రీ 1329, ఆ మరుసటి 1330 సంవత్సరాల రూపాయలపై ఐన్ సగమే కనిపిస్తుంది. 1330లోనే పూర్తి ఐన్ ఉన్న అచ్చు కూడా మొదలై 1343 దాకా సాగింది. అంటే 1330 తారీఖున్న రూపాయి చేతికి వస్తే సంవత్సరాన్ని బట్టి రకం తేలదు, దర్వాజలోకి తొంగిచూడక తప్పదు.

నా నాణెంపై తారీఖును ఉర్దూ చదవగలిగిన మా పొరుగింటి పెద్దాయన 1330 అని చదివి చెప్పారు. నా కంటికి ఐన్ సగమే కనిపించినందున దాన్ని సగం ఐన్ రూపాయిగా ఫొటోలతో సహా పంపాను. రిఫరీ వెంటనే ఒప్పుకోలేదు, కాదని కొట్టివేయనూ లేదు. బరువు ఎంతో చెప్పమని, వెలుతురు ఒక పక్కనుంచి ఏటవాలుగా పడేటట్టు దర్వాజను మాత్రమే దగ్గరగా మళ్లీ ఫొటో తీసి పంపమని మర్యాదగా అడిగారు. ఈ రూపాయి ప్రామాణిక బరువు 11.178 గ్రాములు కాగా నాది 11.31 తూగింది. ఒకప్పుడు దండలో గుచ్చడానికి వేసిన కొంకి ఊడిపోయినా దాని టంకం అంచున మిగిలి ఉండడమే అందుకు కారణం. టంకం గీకితే నాణెం పాడవుతుంది కాబట్టి గీకకుండా ఆ సంగతే రాశాను. ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటోలో మాత్రం నేను చూడని గీత ఒకటి బయటపడింది: ఐన్ కింది వంపు అచ్చులో లేకపోవడం కాదు, దండలో ఏళ్ల తరబడి రాసుకుని అరిగిపోయింది. నాది పూర్తి ఐన్ రూపాయే. మొదటి ఫొటోతోనే ఆమోదం దొరికి ఉంటే, లేని నమూనా ఒకటి నా పేరుమీద కేటలాగులో నిలిచిపోయి, దాన్ని చూసి మరొకరు ఎక్కువ ధర పెట్టి ఉండేవారు.

ఇటీవలి నాణేలకు కూడా ఈ పేజీలు అక్కరకు వస్తాయి. హైదరాబాద్ టంకశాలకు నక్షత్రం, నోయిడాకు చుక్క, ముంబయికి వజ్రం గుర్తులైతే, కోల్‌కతా నాణేలకు గుర్తు ఉండదు. 1985 రూపాయిలో కొన్ని బర్మింగ్‌హామ్‌లో అచ్చయ్యాయి, వాటి తారీఖు కింద హెచ్ అక్షరం ఉంటుంది. ఒక ప్రదర్శనలో ఒక అమ్మకందారు నాకు అలాంటిదే అని ఇచ్చిన నాణేన్ని కేటలాగు ఫొటో పక్కన పెట్టి చూస్తే, అసలు దానిలో అక్షరం ఉబ్బెత్తుగా ఉంది, నా దానిలో లోతుకు చెక్కి ఉంది. టంకశాల అచ్చు వేసిన గుర్తు పైకి లేస్తుందే తప్ప గుంటపడదు.

ఒక్క నాణేనికి మాత్రమే జరిగిన పొరపాటుకు, అంటే పక్కకు జరిగిన ముద్రకో, రెండు వైపులా ఒకే బొమ్మ పడి ఒకటి తిరగబడిన, బజారులో లఖీ అని పిలిచే నాణేనికో ఇక్కడ ప్రత్యేక వరుస దొరకదు. అది సబబే అని నా ఉద్దేశం. ఒకే అచ్చునుంచి మళ్లీ మళ్లీ వచ్చిన తేడాను మాత్రమే రకం అనాలి.

నాకు అభ్యంతరం ఉన్నది అరుదుదనం సూచిక మీద. సున్నా నుంచి వంద వరకు ఇచ్చే ఆ అంకె సభ్యుల దగ్గర నాణెం ఎంతవరకు ఉందన్న దాన్నుంచి వస్తుంది. మన జిల్లాల్లో హాలీ సిక్కాలు దాచుకున్న కుటుంబాలు, లంబాడీ ఆడవాళ్ల నగలు ఆ లెక్కలోకి రావు. అందుచేత నిజాం నాణేల విషయంలో ఆ అంకెను చూసి కొనడం గానీ అమ్మడం గానీ చేయకండి. తెలుగులో వాడే వీలు లేకపోవడం కూడా పెద్ద లోటే, ఎందుకంటే ఈ నాణేలను ఇంట్లో దాచుకున్న పెద్దవాళ్లలో చాలామందికి ఇంగ్లీషు పేజీ కొరుకుడు పడదు.

సగం ఐన్ ఉన్న 1330 రూపాయి కోసం వరంగల్ వెండి దుకాణాల్లో ఇంకా వెతుకుతున్నాను. ఈసారి ఏటవాలు వెలుతురు పడేటట్టు చిన్న టార్చ్ లైటు వెంట తీసుకుపోతున్నాను.